ఎవర్‌గ్లేడ్స్ చూడాలంటే నీళ్ళు తియ్యాలి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి మన పెద్దవాళ్ళు ఎక్కువగా మే, జూన్ నెలల్లోనే వెళ్తారు. ఇక్కడ ఎండలు మండిపోతుంటాయి, అక్కడ మనవలకు బడి సెలవులు. ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనం చూడాలనుకునేవారికి ఆ లెక్క పనికిరాదు. ‘‘పిన్నీ, వేసవిలో వస్తే దోమలు పీక్కుతింటాయి. జనవరిలో రా’’ అని మయామీలో ఉంటున్న మా అక్క కూతురు ముందే చెప్పింది. అలాగే వెళ్ళాను.

అక్కడ వానాకాలం మే నుంచి నవంబరు దాకా. ఆరు వేల చదరపు కిలోమీటర్లకు పైనున్న ఆ వనంలో అప్పుడు ఎటు చూసినా నీళ్ళే, చేపలూ పక్షులూ చెల్లాచెదురైపోతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నీళ్ళు తీస్తాయి. అలిగేటర్లు మూతితో, తోకతో బురద తోడి చేసుకున్న గుంటల్లో మాత్రం నీరు నిలుస్తుంది. చేపలన్నీ అక్కడికి చేరతాయి, వాటి వెనకే కొంగలు. మన ఉప్పలపాడు చెరువు చెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగకు దాయాది అక్కడొకటి ఉంది, వుడ్ స్టార్క్. నీళ్ళు సరిగ్గా తీసి చేపలు ఒకచోట దొరికితేనే అది పిల్లల్ని సాకగలదు.

వనానికి మూడు ప్రధాన ద్వారాలు: హోమ్‌స్టెడ్, షార్క్ వ్యాలీ, గల్ఫ్ తీరం. ఒకదాని నుంచి మరొకదానికి లోపలినుంచి కారు దారి లేదు, బయటికి వచ్చి చుట్టి వెళ్ళాలి. కాబట్టి రోజుకొక ద్వారం చాలు.

మేము మొదట హోమ్‌స్టెడ్ వైపు వెళ్ళాం. రాయల్ పామ్ దగ్గర కారు ఆపగానే దానిమీద కప్పడానికి టార్పాలిన్ పట్టా తీసుకోవాలి. అక్కడి రాబందులు వైపర్ల రబ్బరు, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పీకేస్తాయి. అక్కడినుంచి మొదలయ్యే అన్‌హింగా బాట ఒకటిన్నర కిలోమీటరు కూడా ఉండదు. నా మాట నమ్మండి, వనమంతటిలో సమయం ఖర్చుపెట్టాల్సిన చోటు అదే. పాములాంటి మెడతో అన్‌హింగా పక్షి నీళ్ళలోంచి చేపను పొడిచి తెచ్చి, ఎగరేసి మింగి, తడిసిన రెక్కలు ఎండకు చాపుకుని కూర్చుంది. దానికింద గట్టు మీద అలిగేటరు కదలకుండా పడుకుని ఉంది. కదలడం లేదు కదా అని దగ్గరికి పోకూడదు, కనీసం పదిహేను అడుగుల దూరం పాటించాలి.

హోమ్‌స్టెడ్ ద్వారం నుంచి ఫ్లెమింగో దాకా కారు దారి 61 కిలోమీటర్లు. తిండి, మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. మధ్యలో ఒక బోర్డు కనబడింది: రాక్ రీఫ్ కనుమ, ఎత్తు 3 అడుగులు. ఈ నేలకు అదే ఎత్తు! అడుగు మెరక వస్తే గడ్డి పోయి చెట్లు వస్తాయి. ఫ్లెమింగో రేవులో అమెరికన్ మొసలిని కూడా చూశాం. అలిగేటరూ మొసలీ కలిసి బతికేది ప్రపంచంలో దక్షిణ ఫ్లోరిడాలోనే.

మర్నాడు షార్క్ వ్యాలీ. 24 కిలోమీటర్ల చుట్టుబాటలో సొంత కార్లను రానివ్వరు, ట్రామ్ లేదా సైకిల్. సగం దారిలో ఉన్న బురుజెక్కి చూస్తే, రంపపు పళ్ళ అంచులున్న గడ్డి, దాని కింద కనీకనబడకుండా దక్షిణానికి సాగే నీరు. ఈ నీటికి మూలం పైన ఒకీచోబీ సరస్సు. 1928లో పూర్తయిన టామియామీ రోడ్డు ఆ ప్రవాహానికి అడ్డుగట్టు అయింది. కాలువలు తవ్వి నీటిని సముద్రంలోకి మళ్ళించారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయవనాన్ని ప్రారంభించినా, పైనుంచి నీళ్ళు రాకపోతే వనానికి సరిహద్దులు గీసి ఏం లాభం? ఇప్పుడు ఆ రోడ్డునే కొంతమేర వంతెనలుగా లేపి, కింద నీటికి దారి ఇస్తున్నారు. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టినప్పుడు మనం మాట్లాడుకున్నది కూడా ఈ సంగతే. నీటి దారి నీటికి వదలాలి.

టామియామీ రోడ్డు పొడవునా ఎయిర్‌బోటు షికార్లు పిలుస్తుంటాయి. ఆ హోరులో గంట తిరిగి, ఎవర్‌గ్లేడ్స్ చూశామని ఇంటికి వచ్చేయకండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండు రోజులు కేటాయించుకోండి. పొద్దున్నే వెళ్ళండి, బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి, రేంజర్లు నడిపించే నడక ఉంటే తప్పకుండా చేరండి.