మాట లేని ఆట: గొరొగోవా

ఫోన్‌లో ఆడే పజిళ్లు చాలావరకు మనల్ని తొందరపెడతాయి. గడియారం పరుగెడుతుంటుంది, పాయింట్లు పెరుగుతుంటాయి, ఏం చెయ్యాలో చెప్పే అక్షరాలు మధ్యమధ్య అడ్డం వస్తాయి. జేసన్ రాబర్ట్స్ ఏళ్ల తరబడి చేత్తో బొమ్మలు గీసి 2017లో విడుదల చేసిన ‘గొరొగోవా’లో ఇవేవీ లేవు. తెర మీద నాలుగు గళ్లు, వాటిలో బొమ్మలు, అంతే. బొమ్మను పక్క గడిలోకి జరపవచ్చు, దాని లోపలికి వెళ్లవచ్చు, చట్రాన్ని ఊడదీసి మరో బొమ్మ మీద పెట్టవచ్చు. ఓడిపోవడమన్నదే లేదు. కథ కూడా ఒక్క మాట లేకుండా నడుస్తుంది. నగరంలో ఒక అద్భుత జీవిని చూసిన పిల్లవాడు, దానికి అర్పించడానికి ఐదు పళ్లు సేకరించబోతాడు. ఈ ఆటకు బలమూ బలహీనతా రెండూ ఆ మౌనంలోంచే వచ్చాయని నా అభిప్రాయం. ‘ఎలా’ అన్నదానికి దీని బొమ్మలు నిండుగా జవాబిస్తాయి. ‘ఎందుకు’ అన్న దగ్గర తడబడతాయి.

ముందు బలం సంగతి. గుమ్మం చట్రాన్ని ఒక బొమ్మ నుంచి ఎత్తి ఇంకో చోటి బొమ్మ మీద పెడితే, పిల్లవాడు అందులోంచి కొత్త చోటికి నడిచిపోతాడు. పై గడిలో చెట్టు నుంచి రాలిన పండు కింది గడిలోని గిన్నెలో పడుతుంది. ఇదే మాటల్లో చెబితే పాటించాల్సిన నియమమయ్యేది. కళ్లతో కనిపెట్టాం కనుక మన సొంతమైంది. 2018లో తొలి ఆటకిచ్చే బాఫ్టా పురస్కారం దీనికి దక్కడం సబబే. తెలుగులో ఆటలు అరుదుగా దొరికే మనకు, అనువాదం అక్కర్లేకపోవడం చిన్న మేలేమీ కాదు. పైగా పండు అర్పించడమంటే ఏమిటో మనకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కానీ కథ సాగేకొద్దీ చిక్కు మొదలవుతుంది. పిల్లవాడు పెరుగుతాడు, యుద్ధం వస్తుంది, దేహం దెబ్బతింటుంది, ముసలితనం మీదపడుతుంది. ఈ కాలాలన్నీ గళ్లలో పక్కపక్కనే నిలబడతాయి. ఏది జ్ఞాపకమో, ఏది పశ్చాత్తాపమో, ఆ అర్పణ ఎందుకు ఫలించలేదో బొమ్మలు తేల్చవు. అర్థాన్ని ఆడేవాడికి వదిలెయ్యడమే కళ కదా అనవచ్చు. నిజమే, కానీ వదిలేముందు ఆధారాలు చేతికివ్వాలి. మంచి పజిల్ విడిపోయాక ‘ఇంతే కదా’ అనిపిస్తుంది. ఈ కథ చివర ఆ తృప్తి కలగదు. పజిళ్లలో కూడా ఒక లోపముంది. ఉన్నవి నాలుగే గళ్లు కనుక, ఆలోచించకపోయినా అటూ ఇటూ జరిపి చూస్తే దారి దొరుకుతుంది. అప్పుడు ఆట ముందుకు కదులుతుంది కానీ మన అవగాహన ఉన్నచోటే ఉంటుంది.

రెండు గంటల్లో అయిపోతుందన్న ఫిర్యాదును మాత్రం నేను ఒప్పుకోను. చిన్నది కావడం వల్లే మళ్లీ మొదటినుంచి ఆడగలుగుతాం; అప్పుడు కాలాల వరుస కొంత స్పష్టపడుతుంది, మొదటిసారి దాటిపోయిన ఆధారాలు కొన్ని కంటపడతాయి. అందుకే దీన్ని రెండుసార్లు ఆడమని చెబుతాను. మాటను తీసెయ్యడం తేలిక. ఆ మాట చేసే పనిని బొమ్మకు అప్పజెప్పడమే కష్టం. పజిళ్లలో గొరొగోవా ఆ కష్టాన్ని గెలిచింది. కథలోనూ గెలిచి ఉంటే, మౌనంగా సాగే ఆటలన్నిటికీ ఇదే కొలమానమయ్యేది.