అన్నం తర్వాతే గౌరవమా?

మనిషి అవసరాలను మెట్లుగా పేర్చి చూపే త్రికోణం బొమ్మ నర్సింగ్ పుస్తకాల్లో, బీఎడ్ గైడ్లలో, ఆఫీసు శిక్షణ తరగతుల్లో తరచూ కనిపిస్తుంది. అడుగున తిండి, నీళ్లు, నిద్ర ఉంటాయి. ఆపైన భద్రత, దానిపైన ప్రేమ, నలుగురిలో ఒకడిననే భావం, ఇంకా పైన గౌరవం, కొసన తనలోని శక్తినంతా వెలికితీసి బతకడం. మానసిక శాస్త్రవేత్త అబ్రహం మాస్లో 1943లో రాసిన వ్యాసం దీనికి మూలం. త్రికోణం మాత్రం ఆయన గీసింది కాదు, తర్వాత మేనేజ్‌మెంట్ రాతగాళ్లు గీసుకున్నది. దానివల్ల ఒక నమ్మకం పాతుకుపోయింది: కింది మెట్టు నిండాకే పై మెట్టు ఆకలి పుడుతుందని, పేదవాడికి ముందు కడుపు, గౌరవం సంగతి తర్వాత అని. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వైద్యం చేసేవాడిగా ఈ నమ్మకం తప్పని నా అభిప్రాయం. ఇది రోగిని సరిగా చూడనివ్వదు.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులను తీసుకుందాం. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన బట్టను బట్టి కూలి, చెవులు దిబ్బడేసే చప్పుడు. పానం మంచిగ లేదని వస్తారు. గుండె దడ, నిద్ర లేమి, మెడ నుంచి నడుము దాకా నొప్పులు. ఈసీజీలో, రక్తపరీక్షల్లో ఏమీ దొరకదు. తీరిగ్గా అడిగితే అసలు రంది బయటికొస్తుంది. ఎక్కువ మంది మొదట చెప్పేది కూలి చాలడం లేదని కాదు. అప్పిచ్చినాయన వాడకట్టు ముంగట నిలదీశాడని, బిడ్డ పెళ్లికి ఇచ్చిన మాట నిలుపుకోలేకపోయానని, సొంత బామ్మర్ది ఇంట్లో శుభకార్యానికి పిలుపే రాలేదని చెబుతారు. నేతన్న ప్రాణం తీసుకుంటే పత్రికలు అప్పుల బాధ అని రాస్తాయి. అది నిజమే. అయితే నెలల తరబడి అప్పును మోసినవాడు ఇజ్జత్ పోయిన రోజున కూలిపోవడం ఈ కేసుల్లో పదేపదే కనిపించే తీరు. అంతే అప్పున్న పక్కింటివాడు తట్టుకున్నాడంటే, చాలాసార్లు అతని వెంట ఒక అన్నో, తోటి కార్మికుడో నిలబడి ఉంటాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు సిరిసిల్లకు దొరికింది కూలి డబ్బులే కాదు, చేతి నిండా పని ఉన్నవాడికి ఊళ్లో ఉండే విలువ కూడా. ఆర్డర్లు తగ్గితే ఆ రెండూ ఒకేసారి పోతాయి.

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయ్, మస్కట్ పోయేవాళ్లయితే ఆ మెట్లను తలకిందులు చేస్తారు. లేబర్ క్యాంపు గదిలో అంచెల మంచాల మీద పడుకుని, మండే ఎండలో పనిచేసి, తిండి దగ్గర పైసా పైసా మిగిల్చేది చెల్లె పెళ్లికి, పెంకుటిల్లు తీసి స్లాబు వేయడానికి, ఊళ్లో తలెత్తుకుని తిరగడానికి. పై మెట్టు కోసం కింది మెట్టును తాకట్టు పెట్టడమే ఇది. ఇక్కడున్న భార్యకు నెలనెలా డబ్బు అందుతుంది, ఇల్లూ ఉంటుంది. ఆమెకు బుగులు, తలనొప్పి, ఆకలి లేకపోవడం. స్కానింగ్‌లో ఏమీ ఉండదు. కింది రెండు మెట్లూ గట్టిగానే ఉన్నాయి, మూడోది ఖాళీగా ఉంది.

ఆదిలాబాద్‌లో ఇది ఇంకా స్పష్టం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర కోసం గోండుల్లోని మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్లి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి, పెద్దలకు పరిచయం చేసే భేటింగ్ అక్కడే జరుగుతుంది. రక్తహీనత, వానాకాలపు జ్వరాలు వదలని గూడేల వాళ్లు జాతరకు ఖర్చెందుకు పెట్టాలని చదువుకున్నవాళ్లు అడుగుతారు. పుట్టిల్లు వదిలొచ్చిన పిల్లను వంశమంతా తమ మనిషిగా ఒప్పుకోవడం ఆమె మానసిక ఆరోగ్యానికి ఎంత బలమో మానసిక వైద్యం తెలిసినవాళ్లు ఊహించగలరు. 1940లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు ఈ సంగతి అర్థమైంది. భూమి పట్టాల కోసం పాటుపడుతూనే మార్లవాయిలో గోండీలో చదువు మొదలుపెట్టించాడు. అధికారులు కూర్చుని గిరిజనుల గోడు వినే దర్బారును నాగోబా జాతరలో పెట్టించాడు. పట్టాలన్నీ అందేదాకా గోండీ చదువును, గోడు వినడాన్ని వాయిదా వేయలేదు. మాస్లో కూడా 1938లో కెనడాలో బ్లాక్‌ఫుట్ ఆదివాసుల మధ్య కొన్ని వారాలు గడిపి, ఆస్తి తక్కువైనా మనసులో దిలాసా ఎక్కువగా ఉన్న మనుషులను చూసి ఆశ్చర్యపోయాడు.

ఆకలితో నకనకలాడేవాడికి గౌరవమేం చేస్తుందని అడగవచ్చు. ఈ ప్రశ్నకు బలముంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ 36 మంది వాలంటీర్లకు నెలల తరబడి సగం తిండే పెట్టి పరీక్షించినప్పుడు వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టే తిరిగాయి, తోటివారిపై ఆసక్తి సన్నగిల్లింది. మెదడుకెక్కిన మలేరియాతో ఉట్నూరు నుంచి వచ్చిన బిడ్డకు ముందు ఇవ్వాల్సింది ఆర్టిసునేట్ ఇంజెక్షనే. కానీ ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఆ అంచున లేరు. సగం తిండి, సగం భద్రత, పావు గౌరవంతో ఒకేసారి నెట్టుకొస్తున్నవాళ్లు. మామూలు మనుషుల అవసరాలన్నీ కొంత తీరి కొంత తీరకుండా ఉంటాయని, వరుస కూడా అందరికీ ఒకటి కాదని మాస్లో ఆ 1943 వ్యాసంలోనే ఒప్పుకున్నాడు, బొమ్మ గీసినవాళ్లు దాన్ని వదిలేశారు. 123 దేశాల సమాచారంతో మానసిక శాస్త్రవేత్తలు లూయీ టే, ఎడ్ డీనర్ 2011లో ప్రచురించిన అధ్యయనం కూడా, తిండీ భద్రతా ముందుగా సమకూరే మాట నిజమే అయినా, అవి పూర్తిగా తీరకపోయినా అనుబంధాలు, గౌరవం మనిషికి సంతోషాన్నిస్తాయని తేల్చింది.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే అభ్యంతరం వేరే ఉంది. పేదవాడికి గౌరవం ముఖ్యమంటే, బియ్యం, కూలి ఇవ్వాల్సినవాళ్లు శాలువా కప్పి చేతులు దులుపుకోరా? దులుపుకోవచ్చు. అందుకే ఈ రెండింటినీ విడదీయకూడదంటున్నాను. చేసిన పనికి కూలి సకాలంలో ఇవ్వకపోవడం కడుపు మీద కొట్టడమూ, మనిషిని లెక్కచేయకపోవడమూ. పోడు భూమికి పట్టా అంటే తిండి గింజలతోపాటు, అటవీశాఖ మనిషి ముందు బెదరకుండా నిలబడగలగడం.

డిప్రెషన్ జబ్బు, దానికి మందులున్నాయి, ఈ మాటలన్నీ ఎందుకని తోటి వైద్యులు అంటారు. మందులు పనిచేస్తాయి, నేనూ రాస్తాను. వాటితోపాటు ఇంట్లో గడ్డిమందు అందుబాటులో లేకుండా చూడమని, రాత్రివేళ భయమేస్తే 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమని చెప్పాలి. అయినా రోగి మందు ఆపకుండా వాడాలంటే ఓపీలో అతన్ని మనిషిగా చూడాలి. మానసిక చికిత్సకుడు కార్ల్ రోజర్స్ చికిత్సకు వేసిన పునాదుల్లో షరతుల్లేని ఆదరణ ఒకటి. రద్దీలో అంత తీరిక ఎక్కడిదంటే, రెండు ప్రశ్నలకు తీరిక చాలు: ఈ మధ్య మీ మనసు నొచ్చేలా ఎవరైనా మాట్లాడారా, మీ రంది ఎవరితోనైనా చెప్పుకున్నారా? ఉట్నూరు ఏజెన్సీలో వీటిని గోండీలోనో కొలామీలోనో అడగాలి. అలా అడిగే ఆశా కార్యకర్తకు ఓపీ గదిలో ఒక కుర్చీ, ఆ పనికి వేరే వేతనం ఇవ్వాలి.