వాకిట నిలిచిన గాదె

కారు కొనునపుడు ఇంటి యాడువారి నడుగునది రంగొక్కటియే. ధర, దూరము, వాయిదాలు అన్నియు పురుషులు తమలో తాము తేల్చుకొని, తుదకు "తెలుపా, నీలమా?" యని మనవైపు తిరుగుదురు. 2023 దసరాకు మావారు కరెంటుతో నడచు కారు కొన్నప్పుడును ఇట్లే జరిగినది. నేను నీలమంటిని, తెల్లనిది వచ్చినది. పెదకాకాని మల్లేశ్వరస్వామి సన్నిధిని పూజ చేయించి, చక్రములచే నిమ్మకాయలు త్రొక్కించి, యింటికి దెచ్చుకొంటిమి. అది మొదలు, ఒకసారి నింపినచో నెంత దూరము పోవునో వచ్చినవారి కెల్ల మావారు చెప్పుటయు, వారు తలలూచుటయు, నేను కాఫీలిచ్చుటయు నిత్యకృత్యమైనది.

బండి నప్పగించిన యువకుడు మాటలలో నింకొక సంగతి చెప్పెను. "దీన్నుంచి మిక్సీ కూడా తిప్పుకోవచ్చండీ, వనభోజనాలకు పనికొస్తుంది" అనెను. కార్తికము రానున్న దినములు గనుక అందరును నవ్విరి. నాకు నవ్వు రాలేదు. మిక్సీ తిరిగినచో మరియొక యంత్రమును తిరుగవలయును గదా యని నా మనస్సు వెంటనే మా యత్తగారి గదిలోనికి బోయినది.

అత్తయ్యగారి కప్పటికి డెబ్బదినాలుగేండ్లు. కాపురమునకు వచ్చినది మొదలు నలువది యేండ్లు పత్తికంప, మిరపకట్టె పొయ్యిలో బెట్టి వండిన మనిషి. మా ప్రాంతమున పత్తి తీత ముగిసిన వెనుక కంప పెరికి, మోపులు గట్టి, దొడ్డిలో వామి వేసికొనుట వాడుక. అదియే యేడాది వంటచెరకు. ఆ పొగ కొంప నిండ గ్రమ్ముచుండగా గొట్టముతో నూదుచు గూర్చున్న స్త్రీల రొమ్ములలో నేమి జరుగుచున్నదో ఆనా డెవ్వరును తలపలేదు. పొగాకు ముట్టని యాడువారికిని పొయ్యిపొగవలన ఊపిరితిత్తులు చెడునని డాక్టరుగారు చెప్పినప్పుడు, "మా కాలంలో అందరం అట్లాగే వండాం" అని మాత్రమే ఆమె యనెను. ఆ యేడు మార్చి నుండి ఆమెకు రేయింబగళ్లు ప్రాణవాయువు కావలసివచ్చినది.

ఆ వాయువు నిచ్చు యంత్రము మంచము ప్రక్క నుంచెడి చిన్న పెట్టె. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. ఈ పెట్టె గాలిని లోనికి బీల్చి, నత్రజనిని తనలోని జల్లెడవంటి గుండ్లలో నిలిపి, ప్రాణవాయువును గొట్టముద్వారా పంపును. కరెంటు పోయినచో నాగిపోవును. మా యంత్రము గంటకు యూనిట్టులో మూడవవంతు వాడుచున్నది, అనగా దినమునకు ఎనిమిది యూనిట్లు. మన యిండ్లలో సాధారణముగా నుండు 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీలో కాగితముమీద నుండునది 1.8 యూనిట్లు, చేతికి వచ్చున దంతకన్న తక్కువ. అది యొక పూటకు జాలదు. 1500 లీటర్ల వాయువు గల సిలిండరొకటి తెచ్చి యుంచితిమి. నిమిషమునకు రెండు లీటర్ల చొప్పున అది పండ్రెండు గంటలు వచ్చును. కావున కరెంటు లేక పదునారు గంటలు గడచినచో మా యింట నేమగునో ఆలోచింపరాదని యందరమును లోలోపల ఒడంబడి యుంటిమి.

బండితో నిచ్చిన పుస్తకమును మగవారు చదువరు. నేను రెండు రాత్రులు గూర్చుండి చదివితిని. కారు బ్యాటరీలో నుండునది ఒకే దిక్కున ప్రవహించు విద్యుత్తు. మన ఫ్యానులకును యంత్రములకును కావలసినది, సెకనునకు ఏబది యావృత్తులతో అటునిటు నూగుచుండు 230 వోల్టుల విద్యుత్తు. ఇటీవలి కొన్ని కార్లు మొదటిదానిని రెండవదానిగా మార్చి, కరెంటు ఎక్కించు రంధ్రమునుండియే బయటి కిచ్చును. దానికి తగిన యడాప్టరును తగిలించి, తీగను జోడించినచో చాలును. హ్యుందయ్ వారి అయోనిక్ 5 ఈ సదుపాయముతో 2023 జనవరిలో మన దేశమున విక్రయమునకు వచ్చినది. టాటావారి నెక్సాన్ అదే యేడు సెప్టెంబరులో వచ్చినది. ఒకేమారు సుమారు మూడువేల వాట్లు మించి తీయరాదు. మా బండిలో పట్టునది నలువది యూనిట్లు. ఆ లెక్క కాగితముమీద వేసి, మా ఇన్వర్టరువంటివి ఇరువదిరెండు ఆ తెల్లబండి కడుపులో నున్నవని తెలిసినప్పుడు, పూర్వము మా పుట్టినింటి వాకిట నుండిన ధాన్యపు గాదె జ్ఞప్తికి వచ్చినది.

ఈ యూహ క్రొత్తది కాదు. 2011 మార్చి 11న జపానులో భూకంపమును సముద్రపు పొంగును వచ్చి ఊళ్లకూళ్లు చీకటిపాలైన పిమ్మట, 2012లో నిస్సాన్ కంపెనీవారు తమ లీఫ్ కారునుండి ఇంటి మొత్తమునకు కరెంటు నిచ్చు పరికరమును అచటి జనుల కందించిరి. ఆ కారులోని 24 యూనిట్లు జపానులోని సామాన్య కుటుంబమునకు రెండు దినములు సరిపోవునని లెక్క. 2019 సెప్టెంబరులో చీబా ప్రాంతమున పెనుగాలికి కరెంటు పోయినప్పుడు ఆ కార్లను సహాయమునకై పంపిరి. అచట కారును ఇంటి తీగలతో కలుపు పరికరము గోడకే యుండును. మనకు దొరకునవి చాలవరకు, ఒక తీగ బయటికి లాగి రెండు మూడు వస్తువులు నడుపుకొను పద్ధతివి. ఈ భేద మెంత ముఖ్యమో ముందు చెప్పెదను.

డిసెంబరు వచ్చినది. మిచౌంగ్ తుపాను బాపట్లవైపు వచ్చుచున్నదని వార్త. 3వ తేది సాయంకాలము నేను బండిని ప్లగ్గునకు దగిలించితిని. మాకున్నది పదునైదు ఆంపియర్ల ప్లగ్గు. దానినుండి బండి నిండుటకు ఒక రాత్రి చాలదు. మరునాడు మావారికి చిలకలూరిపేటలో బంధువుల యింట నిశ్చితార్థము. "బండి కదలదు, మీరు బస్సులో వెళ్లి రండి" యంటిని. "లక్షలు పోసి కొన్నది ఇంట్లో కట్టేసుకోవడానికా?" యని ఆయన కొంత కోపించినమాట నిజమే. బస్సులోనే పోయి వచ్చిరి.

ఆ రాత్రి లెక్కల పుస్తకములో నొక పుట వ్రాసితిని. మొదటి పంక్తి: అత్తయ్యగారి యంత్రము, దినమునకు 8 యూనిట్లు. రెండవది ఫ్రిజ్జు, 1. మూడవది దీపములు, ఫోనులు, ఒక ఫ్యాను, 1. చివరి పంక్తి: కదలరాని 10 యూనిట్లు. ఆమెకు శ్వాస యెక్కువైనచో అర్ధరాత్రి ఆసుపత్రికి దీసికొనిపోవలసినదియు ఈ బండియే గదా! యూనిట్టునకు ఆరు కిలోమీటర్ల చొప్పున పదింటికి అరువది. గుంటూరు పోయి రావచ్చును, మంగళగిరి ఎయిమ్సునకు బోయి రావచ్చును, మరియు విజయవాడ చేరవచ్చును. మిగిలిన ముప్పదిలో మార్పిడియందు కొంత తరుగు పోగా, రెండున్నర దినములు గడచును. ఇంతకు దిగిన వెనుక ఇయ్యవలదని బండితోనే చెప్పి యుంచుటకు తెరమీద వీలున్నది. అదియు జేసితిని.

5వ తేది మంగళవారము మధ్యాహ్నము తుపాను బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. గంటకు తొంబది నుండి నూరు కిలోమీటర్ల గాలి. ఆ యుదయముననే మా వీధి చివర వేపచెట్టు తీగలమీద విరిగిపడెను. వసారాలోనున్న బండినుండి మందపు తీగను కిటికీగుండ లోనికి దెచ్చి, నీరు తగులకుండ బల్లమీదుగ నడపి, యంత్రము తగిలించితిమి. దాని ధ్వని మరల మొదలగుటతో ఇంటిల్లిపాదియు మాటలాడుట మొదలిడిరి.

ఇంతలో మా మరిది ఒక యుపాయము చెప్పెను. "వదినా, రెండువైపులా ప్లగ్గులున్న వైరొకటి చేసి హాల్లో సాకెట్టుకు గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది" అని. మన యూళ్లలో జనరేటరు తెచ్చుకొన్నవారును ఈ పని చేయుట కద్దు. "స్తంభం ఎక్కినవాడి సంగతేమిటి?" అని నే నడిగితిని. ఇంటి సాకెట్టులోనికి కరెంటు పంపినచో అది మీటరుగుండ వీధి తీగలలోనికి బోవును. ట్రాన్సుఫార్మరునకు ముందు వెనుకల భేదము లేదు. 11,000 వోల్టులను 230గా దించునట్లే, వెనుకనుండి వచ్చిన 230ని 11,000కు ఎక్కించును. లైనులో కరెంటు లేదని నమ్మి తెగిన తీగను చేత బట్టుకొన్నవాడు చచ్చును. ఆ యువకుని యింటను ఒక తల్లియో భార్యయో దీపము పెట్టుకొని కూర్చుండి యుండును. అదిగాక, వీధి కరెంటు తిరిగి వచ్చిన క్షణమున రెండును ఢీకొని మన బండి యంత్రమును కాలిపోవును. మా మరిది చదువుకొన్న పిల్లవాడే, వినెను.

సాయంకాలమునకు వీధిలోనివారు ఫోనులతో వచ్చిరి. అవి యెన్ని యున్నను యూనిట్టులో నొక భాగము కాదు, కాదనలేదు. ఎదురింటివారి యిన్సులిను మా ఫ్రిజ్జులో నుంచితిమి. విప్పని బుడ్డి రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనమున నుండవలయును. వెనుకింటామె మాత్రము తమ నీటి మోటారు అరగంట నడిపించుకొనెద ననెను. ఒక హార్సుపవరు మోటారు నడచునపుడు 750 వాట్లే యైనను, మొదలగు క్షణమున దానికి నాలుగైదింతలు లాగును; అంత కుదుపునకు బండి తనంతట నాగును, యంత్రమును ఆగును. చేతిపంపు నీరు మా పిల్లలచే మోయించెద నంటిని. ఆమె ముఖము చిన్నబుచ్చుకొనెను. నేటికిని నాతో ముక్తసరిగనే మాటలాడుచున్నది.

రెండవ రాత్రి రెండుగంటల వేళ నాకు మెలకువ వచ్చినది. ఏల వచ్చినదో ఒక నిమిషము తెలియలేదు. యంత్రము ధ్వని లేదు. టార్చి తీసికొని పోగా అత్తయ్యగారు మంచముమీద కూర్చుండి, రెండుచేతులు మోకాళ్లపై నూని, భుజములతో గాలి లాగుచున్నారు. పెదవులు నీలముగ నున్నవి. వ్రేలికి పెట్టు పరికరము 81 చూపినది. స్విచ్చి ఆమెయే కట్టినారు. వేసి, గొట్టము సరిజేసి, వీపు నిమురుచు గూర్చుంటిని. కొంతసేపటికి మాట వచ్చినది. "బండి అయిపోతుందేమోనమ్మా. నాకోసం వాడు పేట పెళ్లిమాటలకు కూడా బస్సులో పోయాడు. కాసేపు ఆపితే మీకు మిగులుతుంది గదా అని."

1977 నవంబరు 19 నాటి యుప్పెన ఆమె చూచినారు. పుట్టినిల్లు రేపల్లె దగ్గర. పురిటికి పోయి యుండిరట. ఇంటిలో నొక సీసా కిరసనాయిలు. దానిని బాలింత గదిలో పసిబిడ్డకు పాలిచ్చు వేళకే వెలిగించి, మిగిలినవారు ఐదు రాత్రులు చీకటిలో గూర్చుండిరట. అట్టి యిల్లాలికి, తనకై దీపము వెలుగుచుండగా నిద్ర పట్టునా?

నేను లెక్కల పుస్తకము దెచ్చి టార్చి వెలుతురున ఆ పుట చదివి వినిపించితిని. "అత్తయ్యా, మీ యంత్రం మొదటి పంక్తి. ఫ్రిజ్జు ఆగినా, ఫోన్లు ఆగినా ఇది ఆగదు. మీ అబ్బాయి ప్రయాణాలకు ఈ పుటలో చోటే లేదు" అంటిని. ఆమె పుస్తకమును తీసికొని, తన పేరున్న పంక్తిమీద వ్రేలుంచి చూచినారు. చదువు వానాకాలపు చదువే యైనను అంకెలు వచ్చును. "ఎనిమిదా! ఇంటిల్లిపాదికీ రెండా!" అనినారు. మరల స్విచ్చి ముట్టలేదు.

7వ తేది సాయంకాలమునకు మా వీధికి కరెంటు వచ్చినది. బండి తెరమీద నూటికి 38 మిగిలి యున్నది. సిలిండరు సీలు విప్పలేదు.

సంక్రాంతికి ముందే లైసెన్సు గల ఎలక్ట్రీషియనును బిలిపించి, అత్తయ్యగారి గదికిని ఫ్రిజ్జునకును వేరు లైను వేయించి, మధ్య చేంజోవరు స్విచ్చి పెట్టించితిమి. దాని పిడి ఒకవైపు త్రిప్పిన వీధి కరెంటు, రెండవవైపు త్రిప్పిన బండి కరెంటు. రెండును ఒకేమారు కలియుట కవకాశము లేదు. కారు లేని యింటను రోగి యంత్రమున్నచో, దానికొక ప్రత్యేకమైన ఇన్వర్టరును, నిండిన సిలిండరును ఉంచుకొనవలయును. ఇంటిపైని సౌరఫలకములున్నవి గదా యని కొందరు ధైర్యముతో నుందురు. వీధిలైనుతో ముడిపడిన సాధారణపు ఫలకములు, వీధి కరెంటు పోగానే తామును ఆగిపోవును. లైనుమనిషి ప్రాణము కాపాడుటకే యట్లు చేసినారు. బ్యాటరీతో గూడిన యేర్పాటు గలవారికే యవి చీకటిలో నక్కరకు వచ్చును.

బండి సర్వరక్షకమని నేను చెప్పబోను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగునగరము మునిగినప్పుడు మా చెల్లెలి యింటి క్రిందనున్న కార్లన్నియు పైకప్పువరకు నీటిలో నిలిచినవి. గాదె పల్లమున నున్నచో గింజ తడియకుండునా? ఆమెయు నిప్పుడు కరెంటు కారు కొనెదమనుచున్నది. ముందు మెరకచోటు చూచుకొమ్మంటిని.

2025 అక్టోబరులో మొంథా తుపాను వార్త వచ్చిన నాడు మావారు శ్రీశైలము ప్రయాణమునకు సంచులు సర్దుచుండిరి. గదిలోనుండి అత్తయ్యగారే కేకవేసినారు, "బండికి మేత పెట్టారా?" అని. ప్రయాణము కార్తిక పౌర్ణమి దాటువరకు వాయిదా పడినది. 28 రాత్రి నరసాపురము దగ్గర తుపాను తీరము దాటినప్పుడు మా వీధిలో కరెంటు పోయినది నాలుగు గంటలే. పిడి త్రిప్పినవారు మావారు. ఖర్చు రెండు యూనిట్ల లోపు. ఆ పుటలోనే క్రింద వ్రాసి యుంచితిని.