మాదావర మైదానములో ఒక రాత్రి

మా మనుమరాలికి తోడుగా ఎవరో ఒకరు పోవలెను. దాని తండ్రి ఊరిలో లేడు. తల్లికి ఆ జనసమ్మర్ద మనిన భయము. కొన్న టిక్కెట్టు వృథా కారాదని ఇంటిలో తీర్మానమయ్యెను. అందుచేత ఏడుపదులు దాటిన నేను 2025 ఫిబ్రవరి 9వ తేదీ ఆదివారము సాయంకాలమున ఎడ్ షీరన్ అను ఆంగ్ల గాయకుని సభకు బయలుదేరితిని. చెవులలో పెట్టుకొనుటకు కొంత దూది జేబులో వేసికొంటిని.

చిక్కపేటలో మెట్రో ఎక్కి, తుమకూరు రోడ్డు వైపున కట్టకడపటి స్టేషనగు మాదావరములో దిగితిమి. ఆ స్టేషను తెరచి అప్పటికి మూడు నెలలే. రైలులోని యువకులందరు ఆనాటి ఉదయపు ముచ్చటనే చెప్పుకొనుచుండిరి. చర్చి వీధి కాలిబాటమీద షీరన్ గిటారు పట్టుకొని పాడుచుండగా ఒక పోలీసు వచ్చి మైకు తీగ ఊడబెరికెనట. ఆయన ఎవరో ఆ పోలీసునకు తెలియకపోవుట నాకు వింతగా తోచలేదు. వారము క్రిందటివరకు నాకును తెలియదు.

ప్రధాన గాయకునికి ముందు కాలమ్ స్కాట్ అను మరియొక ఆంగ్లేయుడు పాడెను. రాబిన్ అను స్వీడన్ గాయని 2010లో నృత్యమునకై పాడిన పాటను నెమ్మదింపజేసి, విషాదగీతముగా మార్చి పేరు తెచ్చుకొన్నవాడు. మంచి గొంతు. కాని ముందు పాడువాని పాట్లు ఎక్కడనైన ఒక్కటియే. ఆయన ప్రాణము పెట్టి పాడుచుండగా జనము తినుబండారములకై బారులు తీరి నిలిచియుండిరి. తెర ముందు కేతిగాడు ఎంత శ్రమపడినను, రావణుని బొమ్మ ఎప్పుడు వచ్చునా యని చూచు మన ఊళ్ల ప్రేక్షకులు జ్ఞప్తికి వచ్చిరి. నేను మాత్రము చేతులు నొప్పిపుట్టునట్లు చప్పట్లు కొట్టితిని.

పిమ్మట షీరన్ వచ్చెను. చాల పాటలకు వేదికపై ఆయన ఒక్కడే. కాలిక్రింద ఒక యంత్రముండెను. గిటారు చెక్కను అరచేతితో తట్టి దరువు వేయును. కాలితో మీట నొక్కగనే ఆ దరువు మరల మరల మ్రోగుచుండును. దానిమీద తీగ మీటును. దానిమీద తన గొంతునకు తానే వంత పాడుకొనును. ఇట్లు పొరమీద పొర పేరుకొన్న తరువాత అసలు పాట సాగును. పాట ముగియగనే సర్వము తుడిచివేసి మరల మొదటినుండి ఆరంభము. బుఱ్ఱకథలో కథకునకు కుడియెడమల ఇరువురు వంతలుండవలె. ఈయన తన వంతలను అందరు చూచుచుండగా అక్కడికక్కడ పుట్టించుకొనుచున్నాడు! ఒక దరువు తప్పెనా, ఆ తప్పు పాట పొడుగునను వెంటాడును. ఆ సాహసము నాకు నచ్చినది. దూది తీసివేసితిని.

కొంతసేపటికి, జంషెడ్‌పూరులో పెరిగిన శిల్పారావు వేదిక నెక్కెను. 2024లో విడుదలయిన 'దేవర' చిత్రమునకై, అనిరుధ్ సంగీతములో తాను పాడిన 'చుట్టమల్లే' పాటను ఆమె ఎత్తుకొనగా, షీరన్ ఆమెతో గొంతు కలిపెను. ఆంగ్లేయుని నోట తెలుగు! ఉచ్చారణ కొంత వంకరయే. కాని అవి తెలుగు మాటలే.

మైదానమంతయు ఒక్క అరపు అరచెను. నేను మనుమరాలి వంక చూచితిని. ఇంటిలో తెలుగున పలుకరించిన కన్నడమున బదులు చెప్పు పిల్ల. బడి స్నేహితుల యెదుట నేను తెలుగున పిలిచిన ముడుచుకొనిపోవు పిల్ల. అది ఇప్పుడు కంఠమెత్తి, ఒక్క మాట పొల్లుపోకుండ పాడుచున్నది. ప్రక్కనున్న దాని స్నేహితురాలు, 'ఇది మీ భాష పాట గదా?' యని కన్నడమున అడిగినది. 'హౌదు, నమ్మదే' యని మా పిల్ల తల ఎగురవేసినది.

చామరాజపేట ఫోర్టు హైస్కూలు మైదానములో, శ్రీరామనవమి పందిటి క్రింద, కన్నడ సోదరులు త్యాగరాజస్వామి కృతులకు తలలూచుట ఏండ్ల తరబడి చూచినవాడను. అది నాకు గర్వముగా నుండెడిది. సినిమా పాటలవలననే తెలుగు చెడుచున్నదని మాత్రము భోజనములకడ ఎన్ని ఉపన్యాసములు చేసితినో! నేను పట్టుబట్టి నేర్పిన పద్యములు దాని నోట నాలుగు దినములైన నిలువలేదు. నేను కసరిన పాట నిలిచినది. ఆ లెక్క ఆ రాత్రి నాకు సుఖముగా లేదు.

తిరుగు రైలులో అది మెల్లగా అడిగినది: "చుట్టమల్లే అంటే చుట్టిన మల్లెపూలే కదా, తాతా?"

ఇన్ని నెలలుగా అట్లే అనుకొని పాడుచున్నదట! కన్నడమున మల్లిగె, తెలుగున మల్లె. దాని ఊహ దానికి సరిగనే యున్నది. నాకు నవ్వు వచ్చి, అంతలోనే ఆగినది. 'చుట్టము' అను మాట మా యింటిలో వినబడి ఎన్నాళ్లయినదో? మేమును నెంటరు లనియో, రిలేటివ్సనియో అనుచున్నాము. 'మల్లే' యనగా 'వలె' యనియు, పాటలోనిది పువ్వు కాదు, బంధువనియు చెప్పితిని.

"అయితే మనకు చుట్టాలెవరు?" అని తెలుగుననే అడిగినది.

మా ముత్తాత విడిచివచ్చిన హిందూపురముతో ఆరంభించితిని. అక్కడి మేనత్తలు, వారి కోడండ్రు. పీణ్య దాటినది, యశవంతపురము దాటినది. మదనపల్లెవారి వరకు వచ్చునప్పటికి చిక్కపేట వచ్చినది. నా చేయి పట్టుకొని దించుచు, "మిగతావాళ్లను రేపు చెప్పు, తాతా" అన్నది.