ఆయాసానికి వెచ్చని ఆక్సిజను

ముప్పై ఏళ్లుగా ఊరివాళ్ల ఆయాసానికి మందు రాస్తున్న నేను, మా నాయనకు ఆక్సిజను పెట్టడంలో పొరబడ్డాను. సిగ్గుగానే వుంది, అయినా చెబుతాను.

2021 మే మొదటి వారం. చిత్తూరులో నాయనకు కోవిడ్ జ్వరం వచ్చి ఏడో రోజు. ఆయాసం మొదలైంది. ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులవి. ఇంటికే సిలిండరు తెప్పించి ముక్కుకు సన్న గొట్టం తగిలించాను. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 88 చూపించింది. కంగారుగా మీట తిప్పాను. 6 లీటర్లు, తరువాత 10. తెల్లవారుజామున ఆయన గొట్టం పీకి పారేశారు.

"ముక్కులో మిరపకాయ కూరినట్టుండాది రా, నాకొద్దు" అన్నారు. చూస్తే ముక్కులో నెత్తురు చార.

తప్పు ఆయనది కాదు. సిలిండరులోని ఆక్సిజనులో తడి అనేది వుండదు. మనం పీల్చే గాలిని వెచ్చబెట్టి, తడిపి లోపలికి పంపే పని ముక్కుది, గొంతుది. ఊపిరితిత్తులకు చేరేసరికి గాలి వేడి 37 డిగ్రీలు, లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి వుంటుంది. సన్న ధారను ముక్కు ఎలాగో తట్టుకుంటుంది. 10 లీటర్ల పొడిగాలి కొడితే పొరలు ఎండి చిట్లుతాయి. కఫం బిగుసుకుపోతుంది. సిలిండరుకు తగిలించే సీసాలో నీళ్ల బుడగలు చూసి నేనూ ధీమాపడ్డాను. ఆ చల్లనీళ్లు ఇచ్చే తడి ఏ మూలకు?

ఇంకో సంగతి. ఆయాసపడే మనిషి నిమిషానికి 30, 40 లీటర్లు, అంతకంటే ఎక్కువ వేగంతో గాలి లాగుతాడు. మనం ఇచ్చేది ఆరో, పదో. మిగతాదంతా గదిలోని గాలే. ఎండిన మడికి చెంబుతో నీళ్లు పోసినట్టు. ముక్కు గొట్టంతో 5 లీటర్లు దాటవలసి వచ్చిందంటే ఆసుపత్రికి బయలుదేరే వేళ అయిందన్నమాట. ఈ ముక్క తెలిసీ నేను ఒక రాత్రి పోగొట్టాను.

ఆ పగలే తిరుపతికి తీసుకెళ్లాం. డాక్టరునని నన్ను లోపలికి రానిచ్చారు. మంచం పక్కన చిన్న పెట్టె, పైన వేలాడే నీళ్ల సంచి, లావుపాటి గొట్టం. 'హై ఫ్లో' అంటారు దాన్ని. ఆక్సిజనును గాలితో కలిపి, ఒంటివేడికి తెచ్చి, ఆవిరి పట్టించి, నిమిషానికి 60 లీటర్ల దాకా పంపుతుంది. అందులో ఆక్సిజను పాలు 21 నుంచి 100 శాతం దాకా ఎంతైనా పెట్టవచ్చు. ఊపిరి వదిలాక గొంతులో నిలిచిపోయే చెడుగాలిని ఆ ధార కడిగేస్తుంది. గంటలో నాయన నుదుటి ముడి విడింది. నోటికి మాస్కు లేదు గనక, నర్సును అడిగి, లేపి కూర్చోబెట్టి రెండు గుక్కలు మజ్జిగ పట్టించాను.

ఆక్సీమీటరు 94 చూపిస్తే మురిసిపోతున్నాను. నా కొడుకు వయసున్న డ్యూటీ డాక్టరు వచ్చి, "అంకె సరే సార్, ఊపిరి లెక్కపెట్టారా?" అన్నాడు. గడియారం చూస్తూ రొమ్ము లేచేది లెక్కపెట్టాను. నిమిషానికి 34! ఆక్సిజను పాలు పెంచితే అంకె పెరగవచ్చు. మనిషి అలసిపోతున్నాడా లేదా అన్నది ఊపిరి వేగం, బిగిసే మెడ కండరాలు చెబుతాయి.

పక్క మంచం ఆయనకు రెండు రోజులైనా ఆ వేగం తగ్గలేదు. వెంటిలేటరు పెడతామంటే "92 వుంది కదా" అని ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. మూడో రోజు పెట్టారు. ఆయన దక్కలేదు. ఆలస్యమే కారణమని నేననను. కాని 2015లో కొరియా వైద్యులు ప్రచురించిన పరిశీలనలో, హై ఫ్లో మీద 48 గంటలు దాటాక వెంటిలేటరు పెట్టినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. డాక్టరు వెంటిలేటరు మాట ఎత్తితే అంకె చూపించి వాదించకండి.

ఈ యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. 60 లీటర్ల చొప్పున పూర్తి ఆక్సిజనుతో నడిపితే 7 వేల లీటర్ల పెద్ద సిలిండరు రెండు గంటలైనా రాదు. ఇళ్లలో వాడే కాన్సంట్రేటరు ఇచ్చేది 5 లేదా 10 లీటర్లే. ఆసుపత్రికే ఇది బరువు. 2021 మే 10 రాత్రి, తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమై, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజను ఒత్తిడి పడిపోయింది. 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. నాయన వున్నది వేరే ఆసుపత్రి. అయినా ఆ రాత్రి గోడమీటరు ముల్లు కేసి చూస్తూనే తెల్లవార్చాను.

దగ్గర వుండేవాళ్లు చూడవలసినవి కొన్ని వున్నాయి. ముక్కులోని గొట్టాలు బిగుతుగా వుండకూడదు, పక్కన సందు వుండాలి. లావు గొట్టంలో నీరు చేరితే దాన్ని పైకెత్తకండి, ఆ నీరు ముక్కులోకి పోతుంది. నర్సును పిలవండి. సంచిలో నీళ్లు అయిపోతే మళ్లీ పొడిగాలే.

ఆరో రోజుకు నాయన ఊపిరి 22కు దిగింది. నేను కునుకు తీస్తుంటే చెయ్యి తట్టి లేపారు.

"ఒరే డాక్టరూ, ఆ సంచిలో నీళ్లు అయిపోతా వుండాయి, పోయి చెప్పు" అన్నారు.