గుక్కెడు నీళ్ల బరువు

కుస్తీ, బాక్సింగ్, జూడో అన్నీ కలిసిన పోటీని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. ఈ పోటీలను సెల్‌ఫోన్లో చూసే తమ్ముళ్లు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. బోనులో పడే గుద్దులు అందరికీ కనిపిస్తాయి. అంతకుముందు తూకం మిషన్ దగ్గర జరిగేది మాత్రం తక్కువమందికి తెలుసు. దాని గురించే నాలుగు మాటలు రాయాలనిపించింది.

బలవంతుడు బక్కవాడిని కొట్టకూడదనే మంచి ఉద్దేశంతో బరువు విభాగాలు పెట్టారు. ఫ్లైవెయిట్ అంటే 56.7 కిలోలు, లైట్‌వెయిట్ అంటే 70.3 కిలోలు. అయితే తూకం వేసేది పోటీకి ముందురోజు. చిక్కంతా ఇక్కడే ఉంది. తూకం నాటికి ఒంట్లో నీరు పోగొట్టుకుని, మర్నాటికల్లా తాగి, తిని మళ్లీ బరువెక్కితే తనకన్నా చిన్నవాడితో పోరాడవచ్చు. లీటరు నీళ్లు పోతే కిలో తగ్గినట్టే కదా! అందుకని ఉప్పు మానేస్తారు, నీళ్లు మానేస్తారు, వేడి నీటి తొట్టెలో కూర్చుంటారు, ఆవిరి గదిలో చెమటలు కక్కుతారు.

హాస్టల్లో పెరిగిన మనకు ఆకలి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదురుగా అన్నం, నీళ్లు ఉండి కూడా ముట్టకపోవడం ఎందుకు? అది వాళ్ల జీవనోపాధి. యు.ఎఫ్.సి.లో బరువు తప్పితే పారితోషికంలో 20 లేదా 30 శాతం ప్రత్యర్థికి పోవడం మామూలు.

ఒంట్లో నీరు తగ్గితే రక్తం తగ్గుతుంది. గుండె మీద భారం పడుతుంది. ఒళ్లు చల్లబడదు. మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2015 డిసెంబరులో మనీలాలో పోటీకి వచ్చిన చైనా యువకుడు యాంగ్ జియాన్ బింగ్ బరువు తగ్గించుకునే ప్రయత్నంలోనే చనిపోయాడు. అతనికి 21 ఏళ్లు. బోనులో అడుగైనా పెట్టలేదు.

ఇది ఆటగాడి అత్యాశ అని కొట్టిపారేయడం సులువు. కానీ ఒక్కడు మానేస్తే ఏమవుతుంది? నీళ్లు పోగొట్టుకుని వచ్చిన బరువైన మనిషి అతనికి ఎదురుపడతాడు. అందరూ మానితేనే ఒక్కడు మానగలడు. అందరినీ మాన్పించగలిగేది నిబంధన ఒక్కటే. యాంగ్ మరణం తరువాత ఆ పోటీలు నిర్వహించే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ నీరు పోగొట్టి బరువు తగ్గే పద్ధతిని నిషేధించింది. తూకంతోపాటు మూత్ర పరీక్ష పెట్టింది. ఒంట్లో తగినంత నీరుందని తేలితేనే ఆ బరువు చెల్లుతుంది. విభాగాల బరువులు కూడా పెంచి, ఫ్లైవెయిట్‌ను 61.2 కిలోలు చేసింది. ఈ పని ఒక ప్రాణం పోకముందే జరిగి ఉంటే ఎంత బాగుండేది!

ఒలింపిక్ కుస్తీలో తూకం పోటీ రోజు ఉదయమే వేస్తారు, రెండో రోజు మళ్లీ వేస్తారు. 2024లో పారిస్‌లో మన వినేశ్ ఫోగట్ ఒకేరోజు మూడు కుస్తీలు గెలిచి ఫైనల్‌కు చేరింది. మర్నాడు ఉదయం 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగిందని ఆమెను పోటీ నుండి తొలగించి చివరి స్థానంలో వేశారు. 100 గ్రాములంటే సగం గ్లాసు మంచినీళ్లు. రాత్రంతా వ్యాయామం చేసి, జుట్టు కూడా కత్తిరించుకున్నా ఫలితం లేకపోయింది. తూకం ఎప్పుడు పెట్టినా, కింది విభాగంలోకి దిగాలనే తాపత్రయం ఉన్నంతకాలం ఒంటికి బాధ తప్పదని దీనివల్ల నాకు అర్థమైంది.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి కాదు. నేను చదువుకునే రోజుల్లో జిల్లా సెలక్షన్ల ముందు ఎండలో స్వెట్టర్లు వేసుకుని పరుగెత్తే కబడ్డీ ఆటగాళ్లను చూశాను. నీళ్లు పుక్కిలించి ఉమ్మేసేవారే కానీ మింగేవారు కాదు. చూసేవాళ్లు దాన్ని పట్టుదల అని మెచ్చుకునేవారు. మెచ్చుకోవలసిన పట్టుదల సాధనలో ఉంది, దాహంలో లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎదిగే వయసులో మీ ఒంటికి ఏ బరువు సహజమో ఆ విభాగంలోనే ఆడండి. ఎవరైనా నీళ్లు మానేయమంటే ఊరుకోకండి, వార్డెన్ గారికి, పి.ఇ.టి. మాస్టారికి చెప్పండి. ఒక్కరు చెబితే వినకపోతే అందరూ కలిసి చెప్పండి. పతకం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వస్తుంది. దాహమేస్తే మాత్రం ఇప్పుడే నీళ్లు తాగండి.