తప్పును వ్రాసిపెట్టిన పుస్తకము



ఎస్తేరు గ్రంథము 6వ అధ్యాయము మనకు తెలిసినదే. నిద్రరాని ఒక రాత్రి అహష్వేరోషు రాజు తన రాజ్యపు సమాచార గ్రంథమును చదివించుకొన్నాడు. మొర్దెకై చేసిన మేలు రాజుకు మరల జ్ఞాపకము వచ్చినది, అతనికి ఏ బహుమానమూ అందలేదన్న లోటు అప్పుడే తెలిసినది. వ్రాత ఎప్పటినుండో ఉన్నది. తెరిచి చదివిన రాత్రి మాత్రమే అది పనిచేసింది.

మన పిల్లలు చేసే సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇటువంటి పుస్తకము ఉన్నది. దానిని లాగ్ అంటారు. ఇది ఓడల నుండి వచ్చిన మాట. పూర్వము నావికులు తాడు కట్టిన చెక్కను నీటిలో వేసి, ఓడ వేగము కొలిచి, పుస్తకములో వ్రాసేవారు. ఇప్పుడు కంప్యూటరు తన నడకను, తనకు తగిలిన అడ్డంకులను అలాగే వ్రాసుకొంటుంది.

ఇది మనకెందుకు అంటారేమో! కొల్లేటి లంక గ్రామములో మేము ఎరిగిన ఒక మామ్మగారు ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసిన మనిషి. వేళ్లు అరిగిపోయాయి. రేషను కోసం మూడుసార్లు తిరిగినా “వేలిముద్ర పడలేదు” అన్న మాటే. కార్డు బోగస్ ఏమోనని ఊరిలో గుసగుసలు కూడ మొదలయ్యాయి. తాడేపల్లిగూడెంలో చదివి, హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న మా సంఘపు కుర్రవాడు క్రిస్మస్‌కు వచ్చి ఈ సంగతి విన్నాడు.

“మామ్మా, మిషను మీద ఏ నంబరు వచ్చింది?” అని అడిగాడు. ఎవరూ చూడలేదు. మరునాడు ఆమెతో వెళ్లి, తేదీ, గంట, నంబరు కాగితము మీద వ్రాసుకొన్నాడు.

“అయ్యగారూ, వచ్చింది 300. వేలిముద్ర సరిపోలలేదని మాత్రమే దాని అర్థం, కార్డు దొంగదని కాదు. 330 వస్తే ముద్రలకు తాళం వేసి ఉందని. దేని మందు దానిదే” అన్నాడు. ఏలూరులో ఆధార్ కేంద్రమునకు తీసుకొనిపోయి వేలిముద్రలు, కనుపాప గుర్తులు కొత్తగా తీయించిన తరువాత ఆమెకు బియ్యము అందాయి.

తప్పు రాని ప్రోగ్రాము లేదు. చేతకాని ప్రోగ్రాము వచ్చిన తప్పును మింగివేసి ఏమీ జరగనట్టు సాగిపోతుంది. మంచి ప్రోగ్రాము ఎప్పుడు, ఏ మెట్టు దగ్గర, ఏ కారణము చేత ఆగిందో వ్రాస్తుంది. చదివినవాడు తరువాత ఏమి చేయాలో తెలిసేలా వ్రాస్తుంది. పాస్‌వర్డులు, ఆధార్ సంఖ్యలు మాత్రము వ్రాయదు. పరిచర్యలో విన్న రహస్యములను మేము డైరీకి ఎక్కించనట్లే.

అయితే వ్రాస్తే చాలదు. బ్రిటన్‌లో 1999లో పోస్టాఫీసులకు హొరైజన్ అనే కంప్యూటరు పద్ధతి వచ్చింది. అది లెక్కలలో లేని లోటు చూపించింది. యంత్రము తప్పు చేయదన్నారు. చిన్న పోస్టాఫీసులు నడిపే నిరపరాధులను దొంగలన్నారు. 2015 నాటికి 900 మందికి పైగా శిక్ష పడింది. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ప్రాణములే తీసుకొన్నారు. ఇంజనీర్ల దగ్గర మాత్రము “తెలిసిన తప్పుల చిట్టా” ఉండనే ఉన్నది! ఆ చిట్టా వెలుగులోనికి వచ్చిన వ్యాజ్యములో, 2019లో హైకోర్టు ఆ పద్ధతిలోని లోపములను తేల్చి చెప్పింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి వందలాది శిక్షలను రద్దుచేసింది. మూసిపెట్టిన చిట్టా ఎందరి కాపురములను కూల్చిందో చూడండి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు జీతము ఎంత అని అడిగే ముందు ఈ మాట అడగండి: “నీ ప్రోగ్రాము తప్పు చేస్తే ఆ నింద ఎవరి మీద పడుతుంది? ఆ తప్పు వ్రాసి ఉంటుందా? అడిగినవారికి చూపిస్తారా?” తప్పును దాచినచోట శిక్ష బలహీనుని మీద పడుతుంది. తెరిచిపెట్టినచోట అతనికి విడుదల కలుగుతుంది.

వెలుగైయున్న దేవుడు మన బిడ్డల చేతిపనిని సత్యముతో నింపును గాక. ఆమేన్.